వంకర దుంగల వెంట ఆరు రోజులు

నేను విశాఖ షిప్‌యార్డులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాను. మౌల్డ్ లాఫ్ట్ విభాగం. బంధువుల్లో ఎవరికీ అదేమిటో చివరిదాకా అర్థం కాలేదు. పెద్ద హాల్లో నేలకి నల్లరంగు వేసి, కట్టబోయే ఓడ ఒంపుల్ని అసలు సైజులో దాని మీద గీసుకుంటాం. ఆ గీతల్ని బట్టి అట్టలో, చెక్కలో మూసలు కోస్తాం. యార్డులో ప్లేట్లు ఆ మూసల ప్రకారం తెగుతాయి. అంటే ఓడ నీళ్లలోకి వెళ్లే ముందు నేల మీద ఒకసారి పుడుతుంది. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "డ్రాయింగ్ సెక్షన్" అని ఊరుకునేవాణ్ణి.

మొన్న అక్టోబరులో బోస్టన్ దగ్గరున్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాం. నయాగరా చూపిస్తానన్నాడు. తెరచాపల కాలంలో ఓడలు కట్టిన చోట్లు చూపించరా అన్నాను. "రిటైరయ్యాక కూడా డ్యూటీయేనా?" అంది మా ఆవిడ. అయినా సంచి సర్దింది.

మొదటి రోజు – చార్లెస్‌టౌన్

బోస్టన్‌లోని ఈ పేటలో కాన్‌స్టిట్యూషన్ అనే పాత యుద్ధనౌక ఉంది. అది ఎక్కడానికి టికెట్టు లేదు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చాలన్నారు. జేబులో ఉన్నది ఆధార్. దాన్ని తీసి చూపించబోతుంటే మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండు పాస్‌పోర్టులు తీసి ముందుకు తోసింది. ఆ రోజుకి నా పెత్తనం అక్కడితో సరి.

1797లో నీళ్లలోకి దిగిన ఈ ఓడ ఇప్పటికీ అమెరికా నేవీ లెక్కల్లో సర్వీసులోనే ఉంది. పాతకాలం యూనిఫాంలో కుర్ర నావికులు తిప్పి చూపిస్తారు. వాళ్లంతా ఫిరంగుల గురించి చెబుతుంటే నేను గోడల మందం చూస్తున్నాను. పైన వైట్ ఓక్ పలకలు, లోపల వైట్ ఓక్ పలకలు, మధ్యలో లైవ్ ఓక్ పక్కటెముకలు దగ్గర దగ్గరగా. మొత్తం కలిపి దాదాపు రెండు అడుగులు. 1812లో బ్రిటిష్ వాళ్ల గెరియేర్ ఓడతో జరిగిన పోరులో గుళ్లు తగిలి కింద పడిపోయాయట. అప్పుడే దీనికి 'ఓల్డ్ ఐరన్‌సైడ్స్' అని పేరొచ్చింది. ఉన్నది ఇనుము కాదు, కొయ్యే.

ఆ కొయ్యే నన్ను పట్టేసింది. లైవ్ ఓక్ అమెరికా దక్షిణాన, సముద్రం ఒడ్డున పెరుగుతుంది. మన మర్రిలా కొమ్మలు అడ్డంగా చాచి మెలికలు తిరుగుతుంది. పచ్చి దుంగ నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. మా ఊళ్లో వంకర దుంగ అంటే పొయ్యిలోకే. ఓడకి మాత్రం వంకరే కావాలి. తిన్నటి దూలాన్ని ఒంపుగా చెక్కితే నారలు మధ్యలో తెగిపోతాయి, ఆ చోటే విరుగుతుంది. చెట్టే ఒంపు తిరిగి పెరిగితే నార కూడా ఒంపుతో పాటే సాగుతుంది.

ఈ తరగతి యుద్ధనౌకల డిజైన్ ఫిలడెల్ఫియాలో జాషువా హంఫ్రీస్ చేశాడు. ఒక్కో ఎముకకీ చెక్క మూసలు కోయించి, వాటితో జాన్ మోర్గాన్ అనే బోస్టన్ ఓడవడ్రంగిని జార్జియా దీవులకి పంపారు. మూస పట్టుకుని అడవిలో చెట్టు చెట్టు దగ్గరికీ వెళ్లి, ఏ కొమ్మ దానికి సరిపోతుందో చూడాలి. వానలు, జ్వరాలు. ఇక్కడే ఉంటే చచ్చిపోతానని హంఫ్రీస్‌కి ఉత్తరాలు రాశాడు మోర్గాన్. గొడ్డలి వేసిన వాళ్లలో తోటల యజమానుల దగ్గర బానిసలుగా ఉన్న నల్లవాళ్లు ఉన్నారు. వాళ్లు ఉత్తరాలు రాసే పనే లేదు.

ఓడ కట్టింది మాత్రం చార్లెస్‌టౌన్‌లో కాదు. నీళ్లకి అవతలి ఒడ్డున, నార్త్ ఎండ్‌లో ఎడ్మండ్ హార్ట్ యార్డులో. ఇప్పుడక్కడ కోస్ట్‌గార్డ్ స్థావరం ఉంది. రెయిలింగ్ దగ్గర నిలబడి అటు చూపిస్తూ లాంచింగ్ కథ మా ఆవిడకి చెప్పాను. దీని తోటి ఓడ 'యునైటెడ్ స్టేట్స్' అదే ఏడాది మేలో ఫిలడెల్ఫియాలో వాలు ఎక్కువై, అనుకున్న వేళకంటే ముందే జారిపోయి అడుగున దెబ్బ తింది. ఆ భయంతో బోస్టన్ వాళ్లు వాలు తగ్గించారు. సెప్టెంబరు 20న జనమంతా చూస్తుండగా కట్లు తీస్తే 27 అడుగులు జారి ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత ఇంకో 31 అడుగులు, మళ్లీ ఆగింది. ఆటుపోట్లు కలిసొచ్చేదాకా ఆగి, వాలు పెంచి, అక్టోబరు 21న దించారు.

లాంచింగ్ ముందు రాత్రి టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. మా యార్డులో ఆ రాత్రి ఫోర్‌మన్లు ఎవరూ ఇంటికి వెళ్లేవాళ్లు కాదు. జారుడు బల్లకి రాసిన గ్రీజు పక్కన టీ తాగుతూ కూర్చునేవాళ్లం. ఓడ సగంలో ఆగిపోతే ఏం చేయాలో ఎవరమూ పైకి మాట్లాడేవాళ్లం కాదు. ఇక్కడ నెల రోజులు సగంలో ఆగి ఉంది! ఆ ఫోర్‌మన్ నెల రోజులు నిద్రపోయాడంటే నేను నమ్మను.

పక్కనే పొడవాటి రాతి భవనం ఉంది. నేవీకి తాళ్లు పేనిన రోప్‌వాక్, దాదాపు పావు మైలు. తాడు ఎంత పొడవు కావాలంటే అంత దూరం మనిషి నడిచి పేనాలి కాబట్టి కట్టడం కూడా అంత పొడుగు. ఇప్పుడు అపార్టుమెంట్లు చేశారు. కాస్త అవతల కొత్త ఆసుపత్రి. దాని పునాది తవ్వినప్పుడు ఏదో పాత కలప దొరికిందని మావాడు ఎక్కడో చదివాడట. నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

రెండో రోజు – ఈస్ట్ బోస్టన్

బ్లూ లైన్ రైలెక్కి మావెరిక్ స్టేషన్లో దిగాం. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. బోర్డర్ స్ట్రీట్‌లో డొనాల్డ్ మెకే యార్డు ఉన్న ఒడ్డున మామూలు రోడ్డు, మామూలు షాపులు. పైన ఈగిల్ హిల్ మీద, వైట్ స్ట్రీట్‌లో ఆయన ఉన్న ఇల్లు మాత్రం ఉంది. ఎవరో కాపురముంటున్నారు కాబట్టి రోడ్డు మీంచే చూసి వచ్చేశాం.

మెకే కెనడాలోని నోవా స్కోషియాలో 1810లో పుట్టిన రైతుబిడ్డ. పదహారేళ్లకి న్యూయార్క్ వచ్చి ఐజాక్ వెబ్ యార్డులో అప్రెంటిస్‌గా చేరాడు. 1845లో ఇక్కడ సొంత యార్డు పెట్టాడు. నాలుగేళ్లకి కాలిఫోర్నియా బంగారం పిచ్చి మొదలైంది. పనామా కాలువ లేని రోజులు. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి సరుకు వెళ్లాలంటే దక్షిణ అమెరికా కొస చుట్టి రావాలి, ఐదారు నెలలు మామూలు. ఎవరి ఓడ ముందు చేరితే వాళ్ల సరుకుకే బంగారం ధర. అందుకే సరుకు కాస్త తక్కువ పట్టినా ఫర్వాలేదు, నీళ్లని కత్తిలా కోసుకుపోవాలి అన్నారు. అలా వచ్చినవే క్లిప్పర్లు.

1851 ఏప్రిల్లో ఇక్కడ దిగిన 'ఫ్లయింగ్ క్లౌడ్' ఆ దూరాన్ని 89 రోజుల 21 గంటల్లో దాటింది. మూడేళ్లకి తన రికార్డుని తానే ఇంకో 13 గంటలు తగ్గించుకుంది. ఆ తర్వాత తెరచాపల మీద అంతకంటే తక్కువ టైములో ఎవరైనా వెళ్లింది 1989లోనే.

"దారి లెక్కలు ఎవరు కట్టారు?" అని మా ఆవిడ అడిగింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. కెప్టెన్ జోసయా క్రీసీ, నావిగేషన్ మాత్రం ఆయన భార్య ఎలినార్ చేసింది అన్నాను.

"ఏమండీ, లెక్కలు ఆవిడవి, పేరు ఆయనదా?"

నేను రైలు టైము చూసుకున్నాను.

మెకేకి అత్యాశ కూడా ఉండేది. 1853లో 335 అడుగుల 'గ్రేట్ రిపబ్లిక్'ని సొంత ఖర్చుతో కట్టాడు. న్యూయార్క్‌లో మొదటి ప్రయాణానికి సరుకు ఎక్కించుకుంటుంటే, ఒడ్డున అంటుకున్న మంటల్లోంచి లేచిన నిప్పురవ్వలు తెరచాపల మీద పడి తగలబడిపోయింది. మెకే కట్టిన రూపంలో ఒక్క సరుకు ప్రయాణం కూడా చేయలేదు. తర్వాత వేరేవాళ్లు కొని, చిన్నది చేసి మళ్లీ కట్టుకున్నారు. 1857 ఆర్థిక సంక్షోభం, ఆపైన ఆవిరి ఓడలు. 1869లో 'గ్లోరీ ఆఫ్ ద సీస్' కట్టాక యార్డు చేయి దాటిపోయింది.

ఇదే రేవు నుంచి ఇంకో సరుకు మనవైపు కూడా వచ్చింది. మంచుగడ్డలు! ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో ఇక్కడి చెరువుల్లో మంచు కోయించి, రంపపు పొట్టులో సర్ది 1833లో టస్కనీ అనే ఓడలో కలకత్తా పంపాడు. నాలుగు నెలలు ప్రయాణించి, భూమధ్యరేఖ రెండుసార్లు దాటినా, 180 టన్నుల్లో 100 టన్నుల దాకా మిగిలింది. మద్రాసు బీచ్‌లో వివేకానందుడి పేరుతో ఉన్న ఆ గుండ్రటి మేడని మనవాళ్లు ఇప్పటికీ ఐస్ హౌస్ అంటారు చూడండి, అది ఆ మంచు కోసం కట్టిందే. మద్రాసులో చదువుకున్న రోజుల్లో దాని ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో!

మూడో రోజు – ఎసెక్స్

బోస్టన్ నుంచి ఉత్తరంగా ఓ గంట. దిగి చూసి, తప్పు చోటికి తీసుకొచ్చాడేమో అనుకున్నాను. నది అని చెప్పింది మా కోనసీమలో పంటకాలువంత ఉంది. పోటు తగ్గిందేమో, అంతా నల్ల బురద. ఈ కాలువ ఒడ్డున మూడున్నర శతాబ్దాల్లో దాదాపు 4,000 చెక్క ఓడలు కట్టారు! ఎక్కువ భాగం రెండు తెరచాప కొయ్యల చేపల స్కూనర్లు. 1668లోనే ఊరివాళ్లు ఓడలు కట్టుకోవడానికని ఎకరం నేల కేటాయించారు. ఆ నేల ఇప్పుడు మ్యూజియం చేతిలో ఉంది.

ఇరుకు కాలువలో లాంచింగ్ ఎలా? మ్యూజియం పెద్దాయన అరచెయ్యి పక్కకి వాల్చి చూపించాడు. నిలువుగా నిలబెట్టి దించే పెద్ద ఏర్పాటు లేకుండా, ఓడని ఒక పక్కకి ఒరగబెట్టి, ఆ పక్క మీదే జారనిస్తారట. నీళ్లు తగిలాక అదే నిటారుగా లేస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది. మా యార్డులో ఎవరైనా అలా అని ఉంటే సస్పెండ్ చేసేవాళ్లు.

ఇక్కడ నన్ను కట్టిపడేసింది ఒక గోడ. దాని నిండా సగం ఓడ బొమ్మలు. ఓడని నిలువునా రెండుగా కోస్తే ఒక సగం ఎలా ఉంటుందో అలా. రెండు పక్కలూ ఒకటే కదా, సగం చాలు. కాగితం మీద డ్రాయింగ్ లేదు. మేస్త్రి చెక్కని చేత్తో తడుముతూ చెక్కుకుంటూ పోతాడు, ఒంపు బాగుందని చెయ్యి చెప్పేదాకా. ఆ బొమ్మ పొరలు పొరలుగా విడిపోతుంది. ఒక్కో పొర అంచునీ కొలిచి, పెంచి, నేల మీద గీసుకుంటే అదే లాఫ్టింగ్. పొరలుగా విడిపోయే బొమ్మని 1794లో పక్కనే ఉన్న న్యూబరీపోర్ట్‌లో ఓర్లాండో మెరిల్ మొదలుపెట్టాడని చెబుతారు. ముట్టుకోవచ్చన్న బొమ్మ ఒకటుంటే కళ్లు మూసుకుని ముందు నుంచి వెనక్కి వేలు పోనిచ్చాను. ఎక్కడా ఆగలేదు.

పక్క గదిలో పనిముట్లు. అందులో బాడిస! మా అమ్మవాళ్ల నాన్న తాళ్లరేవులో చెక్క పడవలకి మరమ్మతు చేసేవాడు. ఒకప్పుడు తాళ్లరేవు, కోరంగి అంటే సముద్రం మీద తిరిగే ఓడలు కట్టిన ఊళ్లు. 1839 తుఫాను కోరంగిని ఊడ్చేసింది. మిగిలిన దాన్ని గోదావరి ఒండ్రు మెల్లగా పూడ్చేసింది. తాతయ్య రెండు పాదాల మధ్య దుంగ పెట్టుకుని, బాడిసని కాళ్ల సందులోకి విసురుతుంటే, వేళ్లు తెగుతాయని అమ్మమ్మ అటు చూసేది కాదు. ఇక్కడి బాడిసకి పిడి పొడుగు, నిలబడి కొట్టేది. మిగతాదంతా ఒకటే. పిడి మీద చెయ్యి పట్టిన చోట అరిగిన పల్లం కూడా.

మధ్యాహ్నం ఆ ఊరి ప్రసిద్ధ వంటకం, వేయించిన గుల్లల మాంసం తిన్నాం. మా ఆవిడ సంచిలోంచి కారప్పొడి తీసింది. ఆ తర్వాత బాగుంది.

నాలుగో రోజు – బాత్, మెయిన్ రాష్ట్రం

రాత్రి బస సంగతి చెప్పకపోవడమే మంచిది. ఆన్‌లైన్లో బుక్ చేసిన మోటెల్‌కి వెళ్తే మా పేరు మీద గది లేదన్నారు. పదకొండు దాటాక ఇంకోచోట దొరికింది. పొద్దున్నే కెనబెక్ నది చూశాక ఆ చిరాకు పోయింది. ఇది నిజంగా నది. లోతు, వెడల్పు, ఒడ్డున కావలసినంత చదును.

ఇక్కడ మ్యూజియం అంటే ఓ యార్డే. పెర్సీ అండ్ స్మాల్ అనే సంస్థ 1894 నుంచి 1920 దాకా పెద్ద స్కూనర్లు కట్టిన షెడ్లు అలాగే నిలబడి ఉన్నాయి. మెట్లెక్కి పైకి వెళ్లాను, అక్కడ లాఫ్ట్. ఇంగ్లీషులో ఆ మాటకి అర్థమే అటక. విశాలమైన చెక్క నేల, కిటికీల వెలుతురు. నేను బూట్లు విప్పేశాను. అక్కడ అలాంటి రూలేమీ లేదు, గైడు వింతగా చూసింది. మా లాఫ్ట్‌లో బూట్లతో గీత తొక్కితే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ నోటికి హద్దుండేది కాదు. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు కాళ్లలో ఉండిపోయింది.

బయట మైదానంలో 'వయోమింగ్'. అసలు ఓడ కాదు, దాని ముందు కొస, వెనక కొస, ఆరు తెరచాప కొయ్యలు అసలు సైజులో తెల్లటి ఉక్కుతో నిలబెట్టారు. మధ్యలో గడ్డి. 1909 డిసెంబరులో ఇక్కడే నీళ్లలోకి దిగింది. ముందుకి చాచిన కొయ్యతో కలిపి 450 అడుగులు. 6,000 టన్నుల బొగ్గు మోసేది. అంత ఓడకి పట్టుమని పదిహేను మంది సిబ్బంది లేరు. తెరచాపలు లాగడానికి డెక్ మీద చిన్న ఆవిరి ఇంజను ఉండేది, అదీ కిటుకు.

కానీ చెక్కకి ఓ హద్దుంది. ఓడ మరీ పొడుగైతే అల మీద నడుం పైకి లేస్తుంది, ముందూ వెనకా వాలిపోతాయి. అది ఆపాలని పక్కటెముకల మీద ఏటవాలుగా ఇనుప పట్టీలు వేశారు. అయినా ఓడ మెలితిరిగేది, పలకల సందులు తెరుచుకునేవి, పంపులు ఆడుతూనే ఉండాలి. 1924 మార్చిలో మసాచుసెట్స్ తీరంలో తుఫానులో మునిగింది. ఒక్కరూ మిగల్లేదు.

ఒకటి అనిపించింది, అంటే మ్యూజియం వాళ్లకి కోపం రావచ్చు. వయోమింగ్ గొప్ప పనితనమే, కానీ మొండిపట్టు కూడా. 1894 నాటికే ఇదే ఊళ్లో స్యూయల్ యార్డు 'డిరిగో' అనే తెరచాప ఓడని ఉక్కుతో కట్టేసింది. వీళ్లు ఇంకో పదిహేనేళ్లకి కూడా కొయ్యనే సాగదీశారు. బొగ్గు మోయడానికి అది చవక. ఆ చవక ఎవరి ప్రాణాల మీదికి వచ్చిందో చూశాంగా. నదికి పైన కనబడేంత దూరంలోనే ఇంకో యార్డు క్రేన్లు. అక్కడ ఇప్పటికీ నేవీకి డిస్ట్రాయర్లు కడుతున్నారు.

ఐదో రోజు – న్యూ బెడ్‌ఫర్డ్

రోజంతా వాన, రోజంతా కారు. సాయంత్రం న్యూ బెడ్‌ఫర్డ్‌లో గంటసేపు ఆగాం. ఒకప్పుడు తిమింగలాల నూనెతో డబ్బు చేసుకున్న రేవు. గొడుగు కింద నిలబడి మావాడికి, బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ సంగతి చెప్పాను.

చెక్క ఓడ పలకల సందుల్లోకి తారు పట్టించిన నార దోపి, ఉలితో, కొయ్య సుత్తితో బిగగొట్టాలి. కాల్కింగ్ అంటారు. ఆ పని చేసేవాడి చేతిలో ఓడంతటి ప్రాణం ఉంటుంది. డగ్లస్ బాల్టిమోర్‌లో బానిసగా ఉన్నప్పుడు ఆ పని నేర్చుకున్నాడు. రోజుకి డాలరున్నర సంపాదించేవాడు, వారం తిరిగేసరికి అదంతా యజమాని చేతిలో పోయాలి. అంతకుముందు ఓ యార్డులో తెల్ల అప్రెంటిస్‌లు నలుగురు కలిసి కొడితే కంటికి గట్టి దెబ్బ తగిలింది. 1838లో తప్పించుకుని, బానిసత్వం లేని ఈ ఊరికి వచ్చాడు. కాల్కింగ్ పని అడిగితే, అతనితో కలిసి చేయం అన్నారు తెల్ల పనివాళ్లు. చేతిలో పనితనం ఉంచుకుని బొగ్గు ఎత్తిపోశాడు, నూనె పీపాలు ఎక్కించాడు.

"మ్యూజియంలలో ఇది రాస్తారా నాన్నా?" అన్నాడు మావాడు. రాస్తున్నారు, ఈమధ్య బాగానే రాస్తున్నారు. పేరు మిగిలినవాడు కాబట్టి డగ్లస్ గురించి.

ఆరో రోజు – మిస్టిక్

కనెటికట్‌లోని మిస్టిక్ సీపోర్ట్‌లో 'చార్లెస్ డబ్ల్యూ. మోర్గాన్' ఉంది. 1841లో న్యూ బెడ్‌ఫర్డ్‌లో హిల్‌మన్ సోదరులు కట్టిన తిమింగలాల వేట ఓడ. 80 ఏళ్లలో 37 ప్రయాణాలు చేసింది. అలాంటి చెక్క ఓడల్లో మిగిలింది ఇదొక్కటే. 2008లో ఒడ్డెక్కించి ఐదేళ్లు మరమ్మతు చేశారు. 2014లో 38వ ప్రయాణం కూడా చేసి వచ్చింది.

డెక్ మీద అందరూ నూనె కాచే ఇటుక పొయ్యిల ఫొటోలు తీసుకుంటుంటే నేను కిందికి దిగాను. తల వంచుకుని నడవాలి. కొన్ని ఎముకలు నల్లగా పాతవి, కొన్ని లేత రంగులో కొత్తవి, ఎక్కడ అతికారో తెలిసిపోతోంది. ఇంత లైవ్ ఓక్ ఈ రోజుల్లో ఎక్కడ దొరికిందని యార్డు షెడ్‌లో ఓ వడ్రంగిని అడిగాను. కొంత దక్షిణాన తుఫానులకి కూలిన చెట్లు అన్నాడు. కత్రీనా తర్వాత చాలా వచ్చాయట. ఇంకొంత బోస్టన్ నుంచి. 2010లో చార్లెస్‌టౌన్ నేవీ యార్డు దగ్గర ఆసుపత్రికి పునాది తవ్వుతుంటే బయటపడిందట. గాలి తగిలితే పగులుతుందని నేవీ వాళ్లు పాతకాలంలో దుంగల్ని తడిలో దాచేవాళ్లు. ఇనుప ఓడలు వచ్చాక వాటి అవసరం పోయింది, గుంట పూడ్చేశారు, పైన ఊరు పెరిగింది. దక్షిణాదిలో ఎవరో నరికి ఎముకల ఒంపుకి మొరటుగా చెక్కి పంపినవి, వందేళ్లకి పైగా బురదలో ఉండి ఇక్కడికి వచ్చాయి.

మావాడు నావైపు చూశాడు. మొదటిరోజు వాడు చెప్పింది అదే.

నేనేం పని చేసేవాణ్ణో ఆ వడ్రంగికి చెప్పాను. "లాఫ్ట్స్‌మన్!" అన్నాడు. మొదటిసారి ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. చెత్తబుట్టలోంచి లైవ్ ఓక్ ముక్క ఒకటి తీసి చేతిలో పెట్టాడు, అగ్గిపెట్టె అంత. జేబుకి బరువు తెలిసింది.

రాత్రి ఇంటికొచ్చాక అది గ్లాసు నీళ్లలో వేశాను. పచ్చిది మునుగుతుంది, ఇది ఎండిన ముక్క. ఒక అంచు మాత్రం పైకి కనబడేలా తేలింది. మా ఆవిడ వంగి చూసింది. "మీ గ్లాసులోనే వేసుకున్నారుగా?" అంది.